వాగు దాటిన మూడు మైళ్లు

శనివారం పొద్దున ఐదూముప్పావుకి మా ఇంటి ముందు హారన్ మోగింది. జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్ ఊళ్లో మా వీధి వాళ్లెవరూ ఆ టైమ్‌కి నిద్ర లేవరు. వసంతక్క పక్క ఊరు అల్ఫారెట్టా నుంచి తన జీప్‌లో వచ్చేసింది. ఆరింటికి వస్తానని చెప్పి పావుగంట ముందే రావడం, పైగా "ఇంకా రెడీ అవలేదేంట్రా" అని నన్నే అనడం ఆవిడకి చిన్నప్పటి నుంచీ అలవాటు.

ఎందుకు బయల్దేరామో ముందు చెప్పాలి. ఉత్తర జార్జియా కొండల్లో, అడవిలోంచి జీపులు వెళ్లే మట్టి దారులున్నాయి. అటవీ ఆఫీస్ వాళ్లు వాటి మ్యాప్ కొత్తగా తయారు చేస్తున్నారు. ఏ దారి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది, ఎంత వెడల్పు, ఎక్కడ వాగు దాటుతుంది, ఇవన్నీ రికార్డులో లేకపోతే ఆ దారి కొత్త మ్యాప్‌లోకి ఎక్కదు. ఎక్కకపోతే మూసేసినట్టే. కొలిచి రావడానికి ఆఫీస్‌లో సరిపడా మనుషులు లేరు. అందుకని ఒక జీప్ క్లబ్ వాళ్లు వలంటీర్లుగా తలా ఒక దారి పంచుకున్నారు. అక్క ఆ క్లబ్‌లో మెంబర్. నేను కాను. నేను అక్కకి తమ్ముణ్ణి, అంతే.

అక్కకి మూడేళ్ల వయసులో పోలియో వచ్చింది. చంకకర్రలతో నడుస్తుంది. జీప్‌లో బ్రేకు, యాక్సిలరేటర్ చేత్తో నొక్కేలా పెట్టించుకుంది. దిగి టేపు పట్టడానికి, ఫొటోలు తీయడానికి ఒక మనిషి కావాలి కదా. ఆ మనిషిని నేను.

ఆరూముప్పావుకి డలానెగాలో పెట్రోల్ పోయించి, కాఫీ తాగాం. అక్కడి నుంచి మలుపుల రోడ్డు. ఏడూముప్పావుకి అడవి దారి మొదట్లో ఉన్న కంకర పార్కింగ్‌కి చేరాం. అప్పటికే పది జీపులున్నాయి. క్లబ్ పెద్ద వాల్టర్, డెబ్బై దాటిన మనిషి, నా చేతిలో ఆరు పేజీల ఫారం, ఒక టేపు పెట్టి, ఫోన్‌లో వెళ్లిన దారిని గీతగా రికార్డ్ చేసే యాప్ ఇన్‌స్టాల్ చేయించాడు.

"ప్రతి అర మైలుకీ వెడల్పు కొలవాలి. ముందుకి ఒకటి, వెనక్కి ఒకటి ఫొటో. వాగు వస్తే నాలుగు. మీది తొమ్మిది మైళ్లు. సాయంత్రం నాలుక్కి ఇక్కడికి వచ్చేయండి."

"తొమ్మిది మైళ్లకి అంత టైమ్ ఎందుకు?" అన్నాను.

వాల్టర్ అక్క వంక చూసి నవ్వాడు. అక్క కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఎనిమిదిన్నరకి మొదలుపెట్టాం. అర మైలు వెళ్లడం, నేను దిగడం, బురదలో టేపు పరచడం, ఫొటోలు, మళ్లీ ఎక్కడం. మోకాలి ఎత్తు రాళ్ల మీద జీప్ ఊగుతుంటే తల రెండుసార్లు కిటికీకి కొట్టుకుంది. టేపు కాస్త వంకరగా పడితే చాలు, అక్క కిటికీలోంచి "సరిగ్గా పట్టరా, పెళ్లి మండపం కొలుస్తున్నావా" అని కేకేస్తుంది.

పదింబావుకి, నాలుగు మైళ్లు అయ్యాక, యాప్ తెరిచి చూస్తే దారి గీత మొదటి మైలు దగ్గరే ఆగిపోయి ఉంది. ఫోన్ స్క్రీన్ ఒక్కసారి ఆఫ్ అయితే చాలు, అది రికార్డ్ చేయడం మానేస్తోంది. వారంలో ఐదు రోజులూ ఇలాంటి యాప్‌లు టెస్ట్ చేసి తిట్టడమే నా ఉద్యోగం. ఆరో రోజు కూడా ఇదేనా!

"కొలతలన్నీ కాగితం మీద ఉన్నాయి కదక్కా. మ్యాప్ మీద చేత్తో గీసేద్దాం."

"చేత్తో గీస్తే ఆఫీస్ వాళ్లు తీసుకోరు. వెనక్కి పోదాం."

"మూడు మైళ్లు వెనక్కా?"

"మూడే కదా" అంటూ జీప్ తిప్పింది. దిగి రోడ్డు దాకా నడిచిపోదామనిపించింది. ఫోన్‌లో సిగ్నల్ ఉండుంటే ఎవరినైనా పిలిచి వెళ్లిపోయేవాణ్ణేమో కూడా.

ఒంటిగంటకి ఆరో మైలు దగ్గర వాగు వచ్చింది. అక్కడ దారి పన్నెండు అడుగులుండాలి. బురద తప్పించుకోవడానికి జీపులు పక్కపక్క నుంచి వెళ్లీ వెళ్లీ రెండు గట్లూ కూలిపోయాయి. ఎర్రమట్టి కరిగి నీళ్లలో కలుస్తోంది. టేపు వేస్తే నలభై ఏడు అడుగులొచ్చింది. గట్టు మీద కుక్కతో నిలబడి ఉన్న ఒకావిడ, కాలినడకన వచ్చినట్టుంది, మమ్మల్నే చూస్తోంది.

"ఇది మీ బళ్ల పనే. మూసేస్తే నాకు సంతోషం" అంది.

నేను ఏదో అనబోయాను. అక్క ఆపి, "కొలవడానికే వచ్చామండీ" అంది ఇంగ్లిష్‌లో.

"అయితే సరిగ్గా కొలవండి" అని ఆవిడ కుక్కని తీసుకుని వెళ్లిపోయింది.

నాలుగు ఫొటోలు చాలన్నారు. అక్క నాచేత తొమ్మిది తీయించింది.

అక్కడి నుంచి పైకి మూడు మైళ్లు. రెండూ ఇరవైకి దారి ఒక పెద్ద బండ దగ్గర ఆగింది. ముందంతా కొండలు, ఒకదాని వెనక ఒకటి, చివరివి నీలంగా. అక్క దిగి, కర్రలు పక్కన పెట్టి బండ మీద కూర్చుంది. ఆలూ కూర చుట్టిన చపాతీలు తిన్నాం. పొద్దున్నుంచి మొదటిసారి ఆవిడ నాకు ఏ పనీ చెప్పలేదు.

"ఇక్కడికి ఎన్నిసార్లు వచ్చావక్కా?"

"లెక్కపెట్టలేదు. నడిచేవాళ్లకి ఈ కొండల్లో ఇలాంటి చోట్లు బోలెడు. నాకు తెలిసి నేను రాగలిగేది ఇదొక్కటే."

నేనే అన్నాను: "వాగు ఫొటోలు డిలీట్ చేసేస్తా. పైనుంచి తీసింది ఒకటుంది, అందులో గట్టు కనపడదు. వెడల్పు పన్నెండని రాద్దాం. నలభై ఏడంటే మూసేస్తారు."

అక్క నా వైపు తిరిగింది. కోప్పడుతుందనుకున్నాను. మెల్లిగానే అంది: "రెండు వానాకాలాలు పోతే అక్కడ దారే ఉండదు. అప్పుడు బాగుచేయమని ఎవరిని అడుగుతాను? ఉన్నదున్నట్టు రాయి."

రాశాను. నలభై ఏడు అని.

నాలుగూపదికి కిందికి చేరాం. మడత బల్ల దగ్గర వాల్టర్ పక్కన అటవీ ఆఫీస్ నుంచి వచ్చిన అమ్మాయి కూర్చుని ఉంది. ఫొటోలన్నీ ఓపిగ్గా చూసింది. వాగు ఫొటోల దగ్గర చాలాసేపు ఆగింది.

"మొదటి ఆరు మైళ్లూ మ్యాప్‌లో పెట్టమని రాస్తాను. వాగు నుంచి పైకి మాత్రం, బాగుచేసేదాకా మూసేయమనే రాయాలి. సారీ" అంది.

"బాగుచేయడమంటే ఏం చేయాలి?" అక్క అడిగింది.

"వాగు అడుగున రాళ్లు పరిచి గట్లు కట్టాలి. దానికీ వలంటీర్లే రావాలి."

అక్క థ్యాంక్స్ చెప్పింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. నాలుగున్నరకి బయల్దేరాం. డలానెగా దాటాక ఉండబట్టలేకపోయాను.

"అంత నిజాయితీగా కొలిచినందుకు మనకే తగిలింది. నీకు కోపం రావట్లేదా?" అన్నాను.

"వచ్చింది. డ్రైవ్ చేస్తున్నా కదా, ఇంటికెళ్లాక కోప్పడతాను."

ఆరింటికి నన్ను ఇంటి దగ్గర దింపింది. బూట్ల బురద కడగడానికి గంట పట్టింది.

ఆ తర్వాత రాళ్లు పరవడానికి రెండుసార్లు వెళ్లాం. అక్క జీప్‌కి ట్రెయిలర్ తగిలించి రాళ్లు తోలింది, నేను మోశాను. పని ఇంకా సగంలోనే ఉంది. నా నడుము మాత్రం పూర్తిగా అయిపోయింది. వెళ్లాలనుకునేవాళ్లు పొద్దున్నే బయల్దేరండి, తిండీ నీళ్లూ వెంట తీసుకెళ్లండి, ఫోన్‌ని నమ్ముకోకండి. ఆరు మైళ్ల దాకా బండి వెళ్తుంది. అక్కడ వాగు ముందు దారికి అడ్డంగా గొలుసు కట్టారు. కాళ్లు బాగున్నవాళ్లు పక్క నుంచి నడిచి పై దాకా వెళ్లొచ్చు, ఎవరూ ఆపరు. రాళ్లు మోసిన రెండు రోజులూ నేనూ వెళ్లి రాగలిగేవాణ్ణే, టైమ్ కూడా దొరికింది. అక్క గొలుసుకి ఇవతల జీప్‌లో కూర్చుని ఉంటే, వెళ్లబుద్ధి కాలేదు.