బాలమల్లు లేవని బంతి

మా నేతగాళ్ల సహకార సంఘానికి పదకొండేళ్లు కార్యదర్శిగా ఉన్నవాణ్ణి నేను. చదివింది నాలుగో తరగతి, అదీ మా ఊరి బడిలో. అయినా జమ్మికుంట చుట్టుపక్కల ఎవరికి అర్జీ కావాలన్నా నా అరుగు మీదికే వచ్చేవారు. సంఘం మొదటి అధ్యక్షుడు, మా బావ బాలమల్లుకు పేరు రాయడం నేర్పిందీ నేనే. వేలిముద్ర వేసే అధ్యక్షుడైతే రిజిస్టరు చేయనని సహకార ఇన్‌స్పెక్టరు తేల్చి చెప్పాడు. అందుకని మూడు నెలలు పలక మీద దిద్దించాను. నలభై ఏళ్లు మగ్గం మీద నాడె విసిరిన చెయ్యి బలపం పట్టుకుంటే అది పుటుక్కున విరిగేది.

బాలమల్లు మా కులపెద్ద. పెళ్లిళ్లలో జనం వరసగా బంతి కూర్చున్నాక, ఆఖరు మనిషి ఆఖరు ముద్ద మింగేదాకా ఎవరూ లేవకూడదన్నది ఆయన పట్టు. ఒకసారి పళ్లు లేని ముసలాయన గారె నములుతుంటే నూటయాభై మంది ఎండిన చేతులతో కూర్చున్నారు, పెళ్లికొడుకు సైతం.

అది 1958 వేసవి. ఇన్‌స్పెక్టరుకు బదిలీ అయింది. మేము కరీంనగరు చేరిన రోజే సాయంత్రం నాలుగింటికి ఆయన జీపులో ఊరు వదిలిపోతున్నాడు. ఆలోగా ఆయన ముందు రిజిస్టరు కాగితాల మీద బాలమల్లు సంతకం పడాలి. పడకపోతే మా ముప్పై మగ్గాలకు ఆ ఏడు సర్కారు నూలు రాదు. ఆఫీసుకు పోతే, సారు మూడింటికి వస్తాడన్నారు. మాతో వచ్చిన బుచ్చిరాములు, అప్పటిదాకా కొత్తగా తెరిచిన పెద్ద హోటల్లో తిందామన్నాడు. వకీళ్లు, పత్తి సేట్లు తినే చోటు అది. కుర్చీలు, పైన పంకాలు, పింగాణీ పళ్లాలు. గోడ పొడవునా బల్లలు ఒకదానికొకటి ఆనించి ఒకే వరసగా వేశారు. తంటా అక్కడే వచ్చింది.

ఒంటిగంటన్నరకు మా తిండి అయిపోయింది. లేద్దామంటే బాలమల్లు వరస చివరిదాకా చూసి తల అడ్డంగా ఊపాడు. ఇంకా తింటున్నారట. ఇది హోటలు, బంతి కాదని చెవిలో చెప్పాను. వరసగా కూర్చున్నాక బంతేనన్నాడు. అంతలో ఒక వకీలు గుమాస్తా లేవబోయాడు.

"ఏం బిడ్డా, పక్కాయన నోట్లె బుక్క ఉండంగనే లేస్తున్నవు?"

గుమాస్తా సిగ్గుపడి కూర్చున్నాడు. అది చూసి పక్కనున్న పత్తి సేటూ కూర్చున్నాడు. ఇక లేచినవాడు లేడు. అధికారుల కోసం హోటలు యజమాని ఆపి ఉంచిన ఒక్క కుర్చీ తప్ప అన్నీ నిండిపోయాయి. తలుపు దగ్గర జనం గుంపు కట్టారు. నిజానికి తినేవాళ్లంతా ముగించారు, మా బుచ్చిరాములు తప్ప. పళ్లెం ఖాళీ అయితే వడ్డించేవాడు అన్నం పెడతాడు. పెట్టిన అన్నం వదలడం పాపమని బుచ్చిరాములు తింటాడు. ఆకైతే మడిచేవాడు. పింగాణీని ఎలా మడుస్తాడు?

రెండున్నరకు ఆ ఒక్క కుర్చీలో ఒక మనిషి వచ్చి కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరు. బాలమల్లు ఆయనను ఎన్నడూ చూసి ఎరగడు. సారు గబగబా తిని లేవబోతుంటే ఇక్కణ్ణుంచే చెయ్యెత్తి ఆపాడు.

"సారూ, జర కూసోండ్రి. మా బుచ్చిరాములు తింటుండు."

సారు కోస్తా నుంచి వచ్చినవాడు. నన్ను గుర్తుపట్టి, "ఎవరండీ ఈయన?" అన్నాడు.

"మా అధ్యక్షుడు సార్."

ఆయన వరసంతా కలియజూశాడు. "వీళ్లంతా మీ సంఘం వాళ్లా?"

"ఒక్కలు గూడ కాదు సార్."

ఆయన మెల్లగా మళ్లీ కూర్చున్నాడు.

మూడున్నర దాటింది. బయట జీపు హారను కొడుతోంది. కాగితాలు ఇక్కడికే తెమ్మన్నాడు సారు. సంచిలోంచి తీసి, కలం చేతికిస్తే బాలమల్లు కుడిచెయ్యి చూపించాడు.

"ఎంగిలి చెయ్యితోని సర్కారు కాయిదం ముట్టుమంటవా బావా?"

చెంబుతో నీళ్లు తెప్పిస్తానన్నాను. బంతిలో చెయ్యి కడిగితే లేచినట్టేనన్నాడు. ఎడమచేతి బొటనవేలు మాత్రం ముందుకు చాపాడు. నా మూడు నెలల కష్టం ఆ వేలి కొసన కనిపించింది. హోటలు యజమాని రబ్బరు ముద్రల కోసం ఉంచుకున్న సిరాపెట్టె తెచ్చాడు. ముద్ర పడింది.

సారు దాన్ని కాసేపు చూశాడు. తరువాత తన కుడిచేతిని చూసుకున్నాడు.

"నాదీ ఎంగిలి చెయ్యే కదండీ," అని తన ఎడమ బొటనవేలు సిరాలో అద్దాడు.

బీ.ఏ. చదివిన ఇన్‌స్పెక్టరు వేలిముద్ర పడ్డ సంఘం జిల్లా మొత్తంలో మాదొక్కటే. వీటిలో అధికారి వేలు ఏదని పై ఆఫీసు అడిగితే, రెండు ముద్రల కిందా గుండ్రటి అక్షరాలతో పేర్లు రాసి పంపింది నేనే. శ్రావణంలో నూలు వచ్చింది.