కప్పు తట్టే రాజలింగు

మందమర్రి రాజలింగు తాత ఎక్కడ కూర్చోవాలన్నా ముందు చేతికర్రతో పైకప్పు తట్టి, చెవి ఒగ్గి వింటాడు. బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు అలా విన్నాకే కూర్చున్నాడు మరి. బోలు శబ్దం వస్తే కప్పు కూలబోతున్నట్టే, ఇక పరుగే. పని నుంచి దిగిపోయి పదేళ్లయినా ఛాయ్ హోటల్ రేకులను కూడా వదలడు. మనవలు నవ్వితే అదే కర్ర వాళ్ల మీదికి లేస్తుంది.

మొన్న జెండా పండుగకు బడిలో షామియానాను తట్టాడు. గుడ్డ ఏ శబ్దమూ చేయకపోయేసరికి అనుమానంగానే ముందు కుర్చీలో కూర్చున్నాడు. "లే తాతా, అది మిలట్రీ కరుణాకర్‌ది" అని సారు లేపాడు. సెలవు మీద ఊరికొచ్చిన ఆ జవాను కరుణాకర్‌కు శాలువా కప్పుతుంటే అందరూ లేచి నిలబడ్డారు. తాత ఒక్కడే వెనక నేల మీద చతికిలబడ్డాడు. "గా పిలగాని మీద నాకేం కోపం లేదు. మా తమ్ముడు ఎంకటి మీద బాయిల కప్పు కూలిననాడు మీల ఒక్కడన్న లేచి నిలబడ్డడా? మీ ఇండ్లల్ల వెలిగే కరెంటు ఎవని పాణంరా?" అని అరిచాడు.

సాయంత్రం కరుణాకరే ఇంటికి వచ్చాడు.

"కోపం తగ్గిందా తాతా?"

"తగ్గలే. తగ్గది కూడ. ఆగు, అప్పుడే కూసోకు" అంటూ తాత బుసలు కొడుతూనే లేచి, అతని నెత్తి మీది కప్పును రెండుసార్లు తట్టి విన్నాడు.

"ఊఁ, ఇగ కూసో."