పుంగనూరులో నిండు సిగ్నల్

మా మేనత్త పుంగనూరులో జాకెట్లు కుడుతుంది. ఆమె కుట్టు మిషను పక్కన, దారాల డబ్బా మీద, అగ్గిపెట్టెకు అన్నలాంటి మ్యూజిక్ ప్లేయరు ఒకటి ఉండేది. పాటలు నింపుకోవడానికి కాదు, అందులో ఎఫ్‌ఎం వస్తుందని కొనుక్కుంది. ఇయర్‌ఫోన్ తీగే దానికి యాంటెన్నా కాబట్టి ఆ తీగను మిషను మెడకు చుట్టి, పాటలు స్పీకర్లో వినేది. ఆ ఇయర్‌ఫోన్లు ఏనాడూ చెవి ముఖం చూసి ఎరగవు.

అది బ్రహ్మాండంగా పనిచేస్తుండేది. అందుకని నేను దాన్ని బాగుచేశాను.

నా దగ్గరా అచ్చంగా అలాంటిదే ఉంది, మదనపల్లెలో కొన్నది. ఉద్యోగం వెతుక్కుంటున్నానని ఇంట్లో అందరూ నమ్ముతున్న రోజుల్లో, దాని సాఫ్ట్‌వేరు పీకేసి వేరేది ఎక్కించి, రేడియో పట్టే ట్యూనర్ చిప్పుకు డ్రైవరు సొంతంగా రాశాను. డ్రైవరంటే పెద్ద సంగతేమీ కాదు, చిప్పుతో మాట్లాడే చిన్న ప్రోగ్రాము. ఫలానా స్టేషన్ పట్టుకో అంటుంది, పట్టుకున్నావా అని అడుగుతుంది. నాది పనిచేసింది. ఆ విజయం ఒక్క ప్లేయరుతో ఆగడం నాకు అన్యాయంగా తోచింది.

ఒక ఆదివారం పుంగనూరు పోయి, అత్త వంటింట్లో ఉండగా, ఆమెదాంట్లో కూడా ఎక్కించాను. తెర మీద స్టేషన్ అంకె వచ్చింది. సిగ్నల్ నిండుగా చూపించింది. స్టీరియో గుర్తు కూడా వెలిగింది. శబ్దం మాత్రం రాలేదు.

"ఏమప్పా, పలకడం లేదే?"

"సిగ్నల్ ఫుల్లుగా ఉండాదత్తా."

"ఉండనీ. పాట యాడ?"

అప్పుడు తెలిసింది అసలు సంగతి. రేడియోలో వచ్చే ఆడవాళ్ల కార్యక్రమానికి అత్త ఫోన్ చేసి, జాకెట్టు మెడ జారకుండా ఎలా కుట్టాలో చెప్పిందట. రికార్డు చేసుకున్నారట. శుక్రవారం పదకొండింటికి వేస్తారట. వీధంతా చెప్పేసిందట. ఆ స్టేషన్ ఇంటర్నెట్టులో దొరకదు, మా ఇద్దరి ఫోన్లలోనూ రేడియో లేదు.

"ఇన్నేండ్లు వాళ్లు మాట్లాడేది నేను వింటిని. ఒక్క దినం నా మాట వాళ్లు వినిపిస్తామంటే, నువ్వొచ్చి దాని నోరు మూసినావు," అంది.

పాత సాఫ్ట్‌వేరు తిరిగి వేయొచ్చు కదా అంటారేమో. దాన్ని దాచిపెట్టుకునేవాడు జాగ్రత్తపరుడు. నేను ప్రతిభావంతుణ్ణి.

బుధవారం ప్లేయరు జేబులో వేసుకుని కుప్పం పోయాను. అక్కడ నాతో చదివినవాడొకడు మొబైళ్లు బాగుచేస్తాడు. వాడు మూత విప్పి, భూతద్దం కింద చిప్పు మీది అంకె చదివాడు.

"రేయ్, నీదాంట్లో ఉండే చిప్పు కాదిది. పైన డబ్బా ఒకటే, లోపల వేరే."

"మరి సిగ్నల్ ఫుల్లని యాల చూపిస్తాండాది?"

"ఎవురూ లేని ఇంటి ముందర నిలబడి అడిగితే, లేదనేవాళ్లు ఎవురుంటారు?"

నిజమే. చిప్పు లేని చిరునామాకు ప్రశ్న పంపితే, ఆ తీగలో జవాబుగా అన్నీ ఒకట్లే వస్తాయి; ఒకటంటే అవునని. సిగ్నల్ ఉందా? ఒకటి. స్టీరియోనా? ఒకటి. ముందుగా 'నువ్వెవరు' అని అడిగి ఉండాల్సింది. నా డ్రైవరు అడగలేదు. మనలో ఎవరు పరిచయం లేకుండా పేరు అడుగుతారు?

సాయంత్రానికి ఆ చిప్పుకు వేరే డ్రైవరు రాశాను. కుప్పం గాలిలో తమిళం, కన్నడం, తెలుగు వరసగా పలికాయి. మూడు భాషల్లోనూ నన్నే పొగుడుతున్నట్టు వినిపించింది.

శుక్రవారం పొద్దున అత్త మిషను పక్కన పెట్టి ఆన్ చేశాను. గర్ర్ మంది. స్టేషన్ వెతకమంటే, చెయ్యెత్తిన చోటల్లా ఆగే ఎర్రబస్సులాగా ప్రతి అంకె దగ్గరా ఆగింది. ఆగిన ప్రతిచోటా గర్రే. లాప్‌టాప్ తెరిచి, గట్టి సిగ్నల్ ఉంటేనే ఆగమని డ్రైవరును మార్చాను. ఈసారి ఏ ఊళ్లోనూ ఆగలేదు.

అత్త తలెత్తకుండా కుడుతోంది. మధ్యాహ్నానికి ఒక పెళ్లికూతురి జాకెట్టు ఇవ్వాలి. ఆ పిల్ల తల్లి గుమ్మంలో స్టూలు వేసుకుని, అత్తను కాక గడియారాన్ని కాపలా కాస్తోంది.

పదిన్నరకు కరెంటు పోయింది. మిషను ఆగింది. బ్యాటరీ మీద నడిచే రేడియోలోంచి ఎరువుల ప్రకటన, అక్షరం అక్షరం, గంగాజలంలాగా వినిపించింది. కరెంటు వచ్చింది. మిషను తిరిగింది. గర్ర్.

అత్త మిషను పెడల్ మీది కాలు తీసింది. రేడియో పలికింది. కాలు వేసింది. గర్ర్. నా వైపే చూస్తూ మూడుసార్లు అలా చేసింది.

"మిషనుకు ఈ మోటరు ఎప్పుడు పెట్టించినావత్తా?"

"సోమవారం. రేడియో ఎట్లా లేదు కదా, పనన్నా తొందరగా అవుతాదని."

"నాకు చెప్పలేదే?"

"నువ్వు నాకు చెప్పే చేసినావా?"

మోటరుకు దూరంగా ఉండాలని తీగను కిటికీ దాకా లాగాను. గర్రు పలచబడింది, పోలేదు. పదకొండుకు పది నిమిషాలుంది. వీధిలో ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి గుమ్మం నింపారు.

"మిషను ఆపొద్దమ్మా, పిల్లకు వేసుకోను వేరే జాకెట్టు లేదు," అంది స్టూలు మీది ఆమె.

"ఎవురాపినారు? గమ్మునుండు," అని అత్త మోటరు బెల్టు ఊడదీసింది. మంచం కింద చుట్టిపెట్టిన పాత తోలు బెల్టు తెచ్చి కింది చక్రానికి తగిలించి, కాళ్లతో తొక్కడం మొదలుపెట్టింది. టకటకల మధ్య రేడియో శుభ్రంగా పలికింది. నా డ్రైవరు మొదటి అంకె నుంచీ సరిగానే ఉంది. ఆ మాట చెప్పుకోవడానికి అది సమయం కాదని నాకే తోచింది.

పదకొండు దాటాక అత్త గొంతు వచ్చింది. "మెడకు క్రాస్ పట్టీ వేసేటప్పుడు లాగి కుట్టకూడదండి. లాగితే ముడతలు వస్తాయండి." మా వంశంలో 'అండి' అన్న మనిషి ఆమే మొదలు. అరనిమిషం. తర్వాత పాట వేశారు.

అత్త కాళ్లు ఆగిపోయాయి.

"నా గొంతు ఇట్లుంటాదా?"



"ఇట్లే ఉంటాదత్తా," అన్నాను.

అత్త చెయ్యి చాపింది. "ఆ మోటరు బెల్టు ఇట్లియ్యి. ఈ గొంతుకన్నా ఆ గర్రే మేలు."