కాలిపర్ మావయ్య

మావయ్యకి లోకంలో ఒక్కటే ప్రశ్న ఉంది: "సరిపోతుందా?" సీసా కొంటే మూత గురించి అడుగుతాడు. మంచం కొంటే గది గురించి అడుగుతాడు. ఎవరైనా కొత్త ఉద్యోగంలో చేరామంటే అందరూ జీతమెంతని అడుగుతారు, ఆయన కుర్చీ ఎత్తెంతని అడుగుతాడు. నోటిమాటగా చెబితే నమ్మడు. చొక్కా జేబులో కళ్ళజోడు పక్కనుండే కాలిపర్ తీస్తాడు. ఇనుప దవడల మధ్య వస్తువుని పట్టి మిల్లీమీటరులో పదో వంతు దాకా కొలిచే పనిముట్టు అది. అది జేబులో లేకుండా ఆయన కనీసం పేపరు చదవడం కూడా ఎవరూ చూడలేదు.

ముప్పై ఏళ్ళు బస్సు డిపోలో విడిభాగాల స్టోరు చూశాడు. "రెండు బోల్టులు కవలపిల్లల్లా ఉంటాయి. ఒకటి కూర్చుంటుంది, రెండోది కూర్చున్నట్టు నటిస్తుంది. దూరడం వేరు, సరిపోవడం వేరు," అనేవాడు. ఆయన రిటైరయ్యాక డిపో ఊపిరి పీల్చుకుంది. చుట్టాలకి ఊపిరాడటం మానేసింది.

ఇంటికి ఫ్రిజ్ వచ్చిన రోజు తలుపు కొలిచాడు, మెట్ల మలుపు కొలిచాడు, మోసుకొచ్చిన ఇద్దరి భుజాలూ కొలిచాడు. "ఫ్రిజ్ సరిపోతుంది. నీలం చొక్కా ఆయన సరిపోడు," అన్నాడు. వాళ్ళు నవ్వుకుని ఎత్తారు. ఫ్రిజ్ మలుపు తిరిగింది. నీలం చొక్కా ఆయన్ని బయటికి లాగడానికి పావుగంట పట్టింది.

మేనకోడలికి సంబంధం చూసినప్పుడు పెద్దలందరూ అబ్బాయి చదువు, ఉద్యోగం అడిగారు. మావయ్య మాత్రం, "బాబూ, గురక పెడతావా? మా అమ్మాయికి చీమ నడిచినా మెలకువొస్తుంది," అన్నాడు. అబ్బాయి నిజాయితీపరుడు, పెడతానన్నాడు. మావయ్య నోటుబుక్కులో "అబ్బాయి మంచివాడు. విడి గది ఉండాలి," అని రాసుకున్నాడు. రెండూ నిజమయ్యాయి.

ఆ మేనకోడలికే ఇప్పుడు కంప్యూటర్ కావలసి వచ్చింది. ఆమె ఒక ల్యాబులో సూక్ష్మదర్శిని కింద తీసిన ఫోటోల్లో కణాలు లెక్కపెట్టే ఉద్యోగం చేస్తుంది. ఆమె పాపకి ఏడో నెల. ఇంటి నుంచే పని చేసుకోవడానికి ల్యాబువాళ్ళు ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు: ఫలానా సోమవారం పది గంటలకల్లా మొదటి కట్ట ఫోటోలు చూసి పంపాలి. లేకపోతే మంగళవారం ల్యాబుకి రావాలి. పాపని అంత చిన్నవయసులో ఎవరి చేతుల్లోనో పెట్టి వెళ్ళడం ఆమెకి ససేమిరా ఇష్టం లేదు. ఆ బరువైన ఫోటోల్లో ఒక్కటి తెరిచేసరికి ఇంట్లో ఉన్న పాత లాప్‌టాప్ వేడెక్కి ఆగిపోయేది.

"విడిగా భాగాలు కొని బిగించుకుంటే మంచిది వస్తుందట మావయ్యా. ఏవేవి కొనాలో ఒక లిస్టు రాసిస్తావా?" అని అడిగింది. అప్పటికి ఇరవై రెండు రోజుల గడువుంది. అడిగిన రాత్రి ఆమె భర్త, "మీ మావయ్యనే అడిగావా? ఇక పాప కాలేజీకొచ్చేసరికి తయారవుతుంది," అన్నాడు.

మావయ్య పని మొదలుపెట్టాడు. రోజూ పాపకి పాలు పట్టే వేళకి సరిగ్గా ఫోను.

"తల్లీ, మెదడుకీ పలకకీ కుదరాలి. ప్రాసెసర్ మెదడు, మదర్‌బోర్డు అది కూర్చునే పలక."

"తెలుసు మావయ్యా."

"సాకెట్, అంటే అది దిగే గూడు, ఒకటే అయితే చాలదు. ఆ బోర్డుకి ఈ ప్రాసెసర్ తెలిసుండాలి."

"సరే, లిస్టు ఎప్పుడిస్తావ్?"

"పూర్తయ్యాక. సగం లిస్టుతో సామాను ఇవ్వకూడదు."

అది డిపో రూలు. ఆదివారం వచ్చి, భాగాలన్నీ బిగించే పెట్టె, అదే క్యాబినెట్, ఎక్కడ పెడతారో చూశాడు. నేల మీదే, బల్ల కింద. పాప కాలిపర్ లాక్కోబోతే, ఆ చూపుడు వేలినే దవడల మధ్య పట్టి నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు. మిగతా తొమ్మిది వేళ్ళూ కూడా కొలిచాడు. పాప కిలకిలా నవ్వింది. మావయ్యకి పిల్లల్ని ఆడించడం ఇంతకన్నా రాదు కాబోలనుకుంది మేనకోడలు.

"ప్రాసెసర్ సంగతి తేలిందా?"

"క్యాబినెట్ తేలలేదు. మొన్నొకటి చూశాను, సరిపోదు. నిన్నొకటి చూశాను, అదీ సరిపోదు."

"దేనికి సరిపోదు?"

"చూడాలి," అన్నాడు మావయ్య.

గురువారం వచ్చింది. సోమవారానికి నాలుగు రోజులు. ఆమె పాపని చంకనేసుకుని దుకాణానికి వెళ్ళిపోయింది. పెట్టెదేముంది, తర్వాత చూసుకోవచ్చని క్యాబినెట్ ఒక్కటి వదిలేసి అన్నీ అడిగింది.

"ఈ బోర్డుకి ఈ ప్రాసెసర్ సరిపోతుందా అండీ?"

దుకాణదారు ఉలిక్కిపడ్డాడు. "మేడమ్, కాలిపర్ పెద్దాయన మీకేమవుతారు?"

"ఎందుకండీ?"

"పదకొండుసార్లొచ్చారు. సాకెట్ ఒకటే మేడమ్, కళ్ళు మూసుకుని తీసుకెళ్ళండి."

ఆమె కళ్ళు మూసుకుని తీసుకెళ్ళింది. శుక్రవారం అట్టముక్క మీద అన్నీ పరిచి బిగించింది. ప్రాసెసర్ సాకెట్లో హాయిగా కూర్చుంది. స్విచ్చేసింది. ఫ్యాను తిరిగింది, దీపం వెలిగింది. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. మెమరీ తీసి పెట్టింది. అన్ని తీగలూ ఊడదీసి మళ్ళీ పెట్టింది. నలుపు. పాప ఏడుపందుకుంది. తల్లి కూడా ఆ ఆలోచనలోనే ఉంది.

మావయ్యకి చెప్పడానికి మొహం చెల్లక అత్తయ్యకి ఫోన్ చేసింది. అత్తయ్య ఒక్క ముక్క వినకుండానే, "ఇదిగో, మీ కోసమే," అని అవతల ఫోను చేతులు మార్చేసింది.

"మావయ్యా... కొనేశాను."

"బోర్డు పెట్టె మీద చిన్న తెల్ల స్టిక్కరుంటుంది. చదువు."

చదివింది. ఇక చీవాట్లు మొదలవుతాయని ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది.

"బోర్డు మంచిదేనమ్మా. ప్రాసెసర్ కన్నా ఏడాది ముందు తయారైంది, అంతే. దానికి ఈ కొత్తది ఎవరో తెలీదు. నేర్పిస్తే నేర్చుకుంటుంది. పాపకి పాలు పట్టావా?"

శనివారం పొద్దున్నే మావయ్య దిగాడు. ఒక చేతిలో పెద్ద క్యాబినెట్, జేబులో కాలిపర్, దూది చుట్టిన డబ్బాలో ఓ పాత ప్రాసెసర్.

"ఇదెక్కడిది?"

"దుకాణంవాడు అరువిచ్చాడు. వారం దాకా అటు రానని మాటిచ్చాను. చాలా సంతోషించాడు."

పాత ప్రాసెసర్ బోర్డుకి తెలిసినదే. పెట్టగానే తెర వెలిగింది. పెన్‌డ్రైవులో తెచ్చిన కొత్త పాఠాన్ని, అంటే బోర్డుని నడిపించే ప్రోగ్రాముని, బోర్డుకి ఎక్కించారు. మధ్యలో కరెంటు తీస్తే బోర్డు పోతుందని మావయ్య ఆ పది నిమిషాలూ స్విచ్చుకి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు. అల్లుడు గారు అటువైపు ఫోను ఛార్జరు కోసం వస్తే, "నువ్వు సరిపోవు, వెనక్కెళ్ళు," అన్నాడు. తర్వాత కొత్త ప్రాసెసర్ పెట్టారు. తెర మళ్ళీ వెలిగింది.

"నీ లిస్టు కోసం ఆగాల్సింది మావయ్యా," అంది ఆమె.

"ఆలస్యం నాదే తల్లీ. క్యాబినెట్ దగ్గర ఆగిపోయాను," అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

బల్ల మీద నోటుబుక్కు తెరిచే ఉంది. ఆమె చూసింది. ప్రాసెసర్, బోర్డు, ఆ బోర్డుకి ఉండాల్సిన పాఠం నంబరుతో సహా: సరిపోతుంది. తేదీ చూస్తే ఆమె అడిగిన రెండో రోజు. మెమరీ, పవర్ సప్లై: సరిపోతుంది. మూడో రోజు. అక్కణ్ణుంచి రెండున్నర వారాల పాటు క్యాబినెట్లే. ఒక్కోదాని పక్కనా ఫ్యాను ముందుండే జాలీ కన్నం కొలత, దాని పక్కన పాప వేళ్ళ కొలతలు, చిటికెన వేలితో సహా. తొమ్మిది మిల్లీమీటర్ల కన్నం: వద్దు. ఎనిమిది: వద్దు. ఆఖరిది, మూడున్నర. దాని ఎదురుగా రెండు గీతలు గీసి రాశాడు: "ఏ వేలూ సరిపోదు. సంతోషం."

జన్మలో మొదటిసారి మావయ్య ఒక వస్తువు సరిపోనందుకు సంబరపడ్డాడు.

సోమవారం తొమ్మిదిన్నరకే ఫోటోలు వెళ్ళిపోయాయి. పాప బల్ల కిందికి పాకింది. జాలీ లోపల తిరుగుతున్న ఫ్యానుని చూసి చూపుడు వేలు పెట్టింది. పోలేదు. చిటికెన వేలు పెట్టింది. అదీ పోలేదు. రెండో చేత్తో మొదలుపెట్టి అన్నీ ప్రయత్నించి, విసుగొచ్చి, జాలీకి బుగ్గ ఆనించి కూర్చుంది. సరిగ్గా అప్పుడే మావయ్య ఫోను.

"సరిపోయిందా?"

"లేదు మావయ్యా. పది వేళ్ళలో ఒక్కటీ సరిపోలేదు."

"మంచిది," అన్నాడు మావయ్య. వెంటనే, "పాపకి పెన్సిలు ఎప్పుడిస్తారు?" అన్నాడు.

"దానికింకా ఏడు నెలలే మావయ్యా!"

"ఆఁ, తొందరేం లేదు. ఆ కన్నంలో మొన సరిపోతుంది. నేను చూస్తున్నాలే."