సిమెంటు పూసిన ఇంగుగుండి

నేను నాలుగో క్లాసు వరకే చదివాను. ఇలాంటి సంగతి రాయొచ్చో లేదో తెలియదు. మా ఊరు తెక్కలకోట దగ్గర. మా ఇంటికీ మరిది ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటే. రెండిళ్ల బచ్చలి నీళ్లూ, స్నానాలవీ అంట్లవీ, వాకిళ్ల ముందే నిలిచేవి. అందరికీ అంతే కదా అని నేను పట్టించుకునేదాన్ని కాదు.

ఇంటి పక్కన గుంత తవ్వి రాళ్లు నింపితే ఆ నీళ్లు భూమిలోకి ఇంకిపోతాయని పంచాయితీ వాళ్లు చెప్పారు. దాన్ని ఇక్కడ ఇంగుగుండి అంటారు. ముందు నా తోడికోడలు తవ్వించుకుంది. వారానికే ఆమె వాకిలి ఆరిపోయింది. బురద, దోమలు మాకే మిగిలాయి.

అప్పుడు కాన్పుకు వచ్చిన నా కూతురు మా ఇంట్లోనే ఉంది. సాయంత్రమైతే బిడ్డనెత్తుకుని తోడికోడలి వాకిలికి పోయేది.

"యాడికి మళ్లా?" అని అడిగితే, "ఈడ దోమలు పీకుతాండాయి మా. చిన్నమ్మ కాడ కూచుంటా" అనేది.

గోడ అవతల నా మనవడికి తోడికోడలు జోల పాడుతుంటే నాకు కడుపు మండేది. వాణ్ని నా వాకిట్లోకి తెచ్చుకోవాలి. అంతే.

నా భర్త మేస్త్రీ పని చేస్తాడు.

"ఏమప్పా, దానిది వట్టి రాళ్లకుప్ప మాదిరి ఉండాది. మనది లోపలంతా సిమెంటుతో నున్నగా ఉండల్ల" అన్నాను.

"వాళ్లు రాళ్లే అన్న్యారు కదమ్మే."

"మేస్త్రీ ఇంట్లో రాళ్లకుప్పా?"

ఆ మాటకు ఆయనకూ పౌరుషం వచ్చింది. గుంత తవ్వి, అడుగుకూ గోడలకూ అంతా సిమెంటు పూశాడు. అద్దంలా ఉందని నేను మురిసిపోయాను. మూడో రోజుకు గుంత నిండి, మురుగు గడప దాకా వచ్చింది.

తోడికోడలు వచ్చి తొంగి చూసింది. "అక్కా, ఇది గుండి కాదు, తొట్టి! బర్రెల్ని తోలుకొని రావల్లనా నీళ్లు తాపేకి?"

నా భర్త కూడా నవ్వాడు. నేను మాత్రం ఆమె మొహం చూడలేదు.

"నీ పని చూసుకో పోమ్మే."

ఆమె పోలేదు. చీర ఎగ్గట్టి బకెట్టు అందుకుంది. ఇద్దరం నీళ్లు తోడాం. ఆయన ఉలితో సిమెంటు పగలగొట్టాడు. "పెద్ద రాళ్లు అడుగున ఎయ్యక్కా, చిన్నవి పైన" అని ఆమె చెప్తుంటే నేను వేశాను. బురద కంపు కన్నా ఆమె చెప్పింది చేయడమే నాకు కష్టమైంది.

కొన్నాళ్లకు నా వాకిలీ ఆరింది. కూతురు చాప పరిచి, బిడ్డను నా ఒళ్లో పెట్టింది. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఎంత ఊపినా ఆపలేదు. గోడ మీదుగా తోడికోడలు చేతులు చాపింది.

"ఇట్లియ్యక్కా."

ఇచ్చాను. ఆమె భుజం మీద వాడు వెంటనే ఊరుకున్నాడు.

"నిద్రొస్తాండాది వానికి, అంతే" అంది ఆమె, నన్ను ఓదారుస్తున్నట్టు. ఆ ఓదార్పుకే నాకు ఇంకా మండింది.

"మెల్లగ పట్టుకో" అన్నాను.