గొట్టంలో గాలి కొలిచిన ఆదివారం

మే నెల రెండో ఆదివారం, పుంగనూరు. ఉన్నవాళ్ళు: మా చెల్లెలు, ఆమె భర్త, ఆయన తల్లి, నేను.

మదనపల్లెలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ప్రయోగశాలలో పనిచేశాను. వేడి గొట్టంలో గాలి ఎంత పోతోందో, ఎంత వేడిని మోస్తోందో పిల్లల చేత కొలిపించేవాణ్ణి. రిటైరయ్యాక ఆ పని కోసం నన్నెవరూ పిలవలేదు. చెల్లెలు పిలిచింది. ఆ పిలుపు నాకెంత సంతోషమిచ్చిందో ఆమెకు సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

వాళ్ళు టమోటా ముక్కలు ఎండబెట్టే పెట్టె కొత్తగా పెట్టుకున్నారు. బ్లోయర్ తోసే గాలి, హీటరు చుట్టిన ఇనుప గొట్టంలో వేడెక్కి పెట్టెలోకి వెళ్తుంది. గొట్టం దగ్గరి ముక్కలు మాడిపోతున్నాయి, వెనక జల్లెళ్ళలోవి తడిగానే ఉంటున్నాయి. మరునాడు కుప్పంలో వ్యాపారికి నమూనా చూపాలి. నచ్చితే వేసవంతా సరుకు తీసుకుంటానన్నాడు. నచ్చకపోతే ఇంకొకరిని చూసుకుంటాడు.

"ఇంకా వేడి పెంచితే సరిపోతాది బావా," అన్నాడు చెల్లెలి భర్త.

"మాడబెట్టింది సాల్లే. ముందు అన్నను సూడనీ," అంది చెల్లెలు.

గొట్టం రెండు చివర్లా థర్మామీటర్లు పెట్టాను. లోపల చిల్లు ఉన్న రేకు ఒకటి బిగించి, దానికి ముందూ వెనకా ఒక సన్నటి ప్లాస్టిక్ పైపు కొనలు తగిలించాను. పైపు వంపులో కుంకుమ కలిపిన నీళ్ళు పోశాను. గాలి జోరుగా పోతే నీళ్ళు ఒకవైపు పైకి లేవాలి. దాదాపు కదల్లేదు. బయటికొచ్చే గాలి మాత్రం చేయి పెట్టలేనంత వేడి.

"మోటారు బాగానే తిరగతాండాదే!" అన్నాడు చెల్లెలి భర్త.

బ్లోయర్ వెనక్కి వెళ్ళి చూశాను. గాలి పీల్చే నోటికి పసుపు రాసిన రవికెగుడ్డ బిగించి కట్టి ఉంది. యంత్రానికి పూజ చేసిన రోజున చెల్లెలి అత్త, ఆ ఇంటి పెద్దామె, కట్టిందట. పూజగుడ్డ కదా, ఎవరూ ముట్టుకోలేదు.

నోరు విప్పడానికి జంకాను. పెద్దామే అడిగింది.

"యాలప్పా, దాన్నే సూస్తాండావు?"

"గాలి ఆడనుంచే లోపలికి పోవాలమ్మా."

"అయ్యో, ముక్కు మూసేసినానా! ఒక్కరన్నా సెప్పకూడదా?"

"నువ్వు కట్టింది ఇప్పే ధైర్యం ఈ ఇంట్లో ఎవురికుండాది అత్తా?" అంది చెల్లెలు.

పెద్దామె నవ్వి, దండం పెట్టి, తానే ముడి విప్పి ఆ గుడ్డను బ్లోయర్ స్టాండు కాలికి కట్టింది. ఎర్రనీళ్ళు ఒకవైపు చక్కగా పైకి లేచాయి. కాసేపటికి బయటి థర్మామీటరు దిగసాగింది.

"వేడి పోయె బావా!" అంటూ ఆయన స్విచ్చు మీదికి చేయి చాపాడు.

"ఉండప్పా. ఇందాక వేడిని మోసేంత గాలి లేదు, గొట్టమే కాలి దగ్గరి ముక్కల్ని మాడ్చింది, మిగతా వేడి బయటికే పోయింది. ఇప్పుడు ఎక్కువ గాలి ఎక్కువ వేడిని పెట్టెలోకి మోస్తాండాది."

లెక్క వేసి చూపించాను. ఆయనకు సగమే నమ్మకం కలిగింది. అయినా చేయి వెనక్కి తీసుకున్నాడు. కొత్త ముక్కలు పరిచి రాత్రంతా బ్లోయర్ నడిపాం.

మరునాడు పొద్దున కుప్పంలో వ్యాపారి వెనక జల్లెడ ముక్కను వంచాడు. టప్పున విరిగింది. నమిలి, "ఇట్లాంటివే ఇస్తా ఉంటారా?" అన్నాడు. ఇస్తామని చెప్పి బయటికొచ్చిన చెల్లెలి భర్త, మొదటి ఫోను వాళ్ళమ్మకు చేశాడు.