చెయ్యెత్తిన మనిషి

సంగారెడ్డిలో పటాన్‌చెరు బస్సెక్కితే నా పక్కన ఒక నడివయసు ఆవిడ కూర్చుంది. ముందు సీటాయన ఫోన్‌లో వార్తలు చూస్తున్నాడు. ఊరి పక్కన మందుల ఫ్యాక్టరీ వద్దని రైతులు చేసిన ధర్నా అది. పగిలిన జీపు అద్దం, జనం పరుగులు, మధ్యలో చెయ్యెత్తిన ఒక ఆడమనిషి. ఆ చేతి చుట్టూ ఎర్ర గీత గీశారు.

"రాళ్లు ఏయించింది గీమెనేనట," అన్నాడాయన పక్కవాడితో.

"అది నేనే," అంది పక్కనున్నావిడ, నాకు మాత్రమే వినబడేలా. "రాయి పడ్డది నిజమే. ఎవరు ఏసిండ్రో నాకు ఎరుక లేదు. ఎయ్యకుండ్రి, ఆగుండ్రి అని నేను చెయ్యెత్తిన. పొద్దుగాల నుంచి రోడ్డు మీద ఊకె కూసున్నం. గప్పుడు టీవీవోళ్లు నీడకు నిలబడి చాయ్ తాగిండ్రు. అద్దం పలిగినంక ఉరికొచ్చిండ్రు."

"గా ముచ్చట వాళ్లకు చెప్పలేదా అక్కా?" అన్నాను.

"చెప్పిన. అది చూపియ్యలే. మా బిడ్డ అత్తగారింట్ల గిదే చూసిండ్రు. ఇగ ఫోన్ చేస్తే ఎత్తుతలేరు."

ఆ రోజు ఎలా ఎత్తిందో చూపించడానికి అరచెయ్యి ముందుకు చాపింది. ముందు సీటాయన వెనక్కి తిరిగి, "ఏందమ్మా?" అన్నాడు.

"ఏం లేదన్నా," అని చెయ్యి దించి ఒళ్లో పెట్టుకుంది.

రుద్రారంలో దిగిపోయింది. ఇప్పుడు టీవీలో ధర్నా చూపిస్తే నేను ధ్వని తగ్గించి చేతులు చూస్తాను. పిడికిలో, అరచెయ్యో తేలకముందే బొమ్మ మారిపోతుంది.